అమ్మ చేతి మూర

చిరంజీవి వెండెల్‌కు,

అక్క ఇర్మా దీవెనలు. ఇక్కడ అమ్మ, నేను, కుక్క, ఇంటి పైకప్పు అందరం బాగానే ఉన్నాం. మా నలుగురిలో పైకప్పుకే కాస్త నలతగా ఉంది. పడమటి వైపు రేకు మళ్ళీ లేచింది, మంచు పడేలోపు మేకులు కొట్టించాలి. నువ్వు కూడా క్షేమంగా ఉన్నావని నీ ఉత్తరం వల్ల తెలిసింది. అలాస్కాలో అప్పుడే పొద్దు తగ్గిపోతోందనీ, మీ చమురు క్యాంపులో వంటవాడు మారాడనీ, కొత్తవాడు చేసే రొట్టె బూటు అట్టలా ఉందనీ రాశావు. అమ్మకు చదివి వినిపించాను. "తిండిని తిడుతున్నాడంటే ఒంట్లో బాగానే ఉన్నట్టు" అంది.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు రాసేస్తాను. అమ్మ కుడి మోకాలు ఎలా ఉందో అలాగే ఉంది. ఎడమది దానికి పోటీగా తయారైంది. స్కూలు బస్సు నడపడం మాత్రం మానలేదు. మెట్లెక్కేటప్పుడు కమ్మీ పట్టుకుని మూలుగుతుంది గానీ, సీట్లో కూర్చుందంటే ఇంకెవరికీ నోరు లేవదు. పోయిన వారం ఆ ష్రోడర్ల పెద్దపిల్ల వెనక సీట్లో బబుల్‌గమ్ అంటించిందని బస్సు వంతెన మీద ఆపేసి, అది గీకి తీసేదాకా కదలలేదట. ఆ పిల్ల తల్లి మనింటికొచ్చి గొడవ చేస్తుందనుకున్నాను. వచ్చి, ఇంట్లో కూడా అలా చెప్పి పెట్టమని బతిమాలుకుని వెళ్ళింది.

కుక్క సంగతి అడిగావు. మళ్ళీ ముళ్ళపందితో పెట్టుకుంది. మూతి నిండా ముళ్ళు గుచ్చుకుంటే నేను పట్టుకుని, అమ్మ పట్టకారుతో పీకింది. పాస్టరుగారి భార్య ఎప్పటిలాగే హెట్టీ పిన్ని ఎలా ఉందని అడిగింది. అడిగినప్పుడల్లా నాకు నవ్వాగదు. మనం వేటాడే ఎల్క్ దుప్పి ఎక్కడ పడిందని ఊళ్ళో ఎవరు అడిగినా, "హెట్టీ పిన్ని ఇంటి వెనకాల" అని చెప్పమని అమ్మ మనకు చిన్నప్పుడే నేర్పింది కదా. కొండల్లో ఆ లోయకి పేరు లేదు, మనం పెట్టుకున్న పేరు అదొక్కటే. పాపం ఆవిడ నిజంగానే ఓ ముసలి పిన్ని ఉందనుకుని ఇన్నేళ్ళుగా ఆరోగ్యం అడుగుతోంది. "బాగానే ఉందండీ, చెవులే సరిగా వినిపించవు" అంది అమ్మ, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

ఇవన్నీ ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఈ ఉత్తరంలో రాయబోయేది ఫోనులో చెప్పేది కాదు. మీ క్యాంపు ఫోను దగ్గర నీ వెనక వరసలో మనుషులు నిలబడి ఉంటారు. అదీగాక ఫోనులో అయితే నువ్వు మధ్యలో మాట మార్చేస్తావు. ఉత్తరంలో మార్చలేవు.

ఇక కొట్టు సంగతులు. ఆర్లో వేటసామాన్ల కొట్టులో నేనెప్పుడూ వెనక గదిలో కుట్టుమిషను దగ్గరే ఉంటానని నీకు తెలుసు. తెగిన పట్టీలు కుడతాను, చిరిగిన వీపుసంచులకు అతుకులు వేస్తాను. ముందు కౌంటరులో ఉండే కుర్రాడు నిచ్చెన మీంచి పడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. వాడు లేచి తిరిగేదాకా కౌంటరు కూడా నా నెత్తినే పడింది. సీజను ముందు రోజులు కదా, సంచులు కొనేవాళ్ళు వస్తూనే ఉన్నారు. వాళ్ళని చూస్తుంటే నాకు పొద్దు తెలియడం లేదు.

ఓ పళ్ళ డాక్టరు వచ్చాడు. కొట్టులో అన్నిటికంటే పెద్ద సంచి కావాలన్నాడు. ఎన్నాళ్ళ వేటకని అడిగితే, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తానన్నాడు. మరి అంత సంచి ఎందుకండీ అంటే, ఉంటే మంచిదే కదా అంటాడు. ఉంటే మంచిది కాదని ఎంత చెప్పినా ఎక్కలేదు. సంచిలో చోటుంటే ఇంట్లో పనికిరానివన్నీ అందులోకి చేరతాయి. మూకుడు, మడతకుర్చీ, మూడో జత బూట్లు. ఆ బరువుతో కొండెక్కేసరికి ఎల్క్ ఎదురుగా వచ్చి నిలబడ్డా తుపాకీ ఎత్తే ఓపిక ఉండదు. ఆ మర్నాడే కొత్తగా పెళ్ళయిన జంట వచ్చింది. వాళ్ళది దీనికి పూర్తిగా ఎదురు. కిందటేడు పిల్లలు బడికి వేసుకెళ్ళేలాంటి సంచితో వెళ్ళారట. దేవుడి దయవల్ల ఎల్క్ పడింది. పడ్డాక దాని తొడ ఎందులో పెట్టాలో తెలియక, అతను తన కోటు విప్పి అందులో చుట్టి, మంచులో ఈడ్చుకుంటూ వచ్చాడట. ఆ అమ్మాయి చెబుతుంటే అతను బూట్లకేసి చూసుకుంటూ నిలబడ్డాడు. వాళ్ళకి నడుం పట్టీ గట్టిగా ఉన్న సంచులు రెండు ఇచ్చాను, ఒకటి మెడ కింది ఎముక నుంచి తుంటి దాకా కొలిచి అతనికి, ఒకటి ఆమెకి. ఇసుక మూటలు వేసి, భుజాలకి కట్టించి, కొట్టులో మెట్లు ఎక్కించి దించాను. బరువు భుజాల మీంచి తుంటి మీదికి దిగినప్పుడు మనిషి ముఖం తేటపడుతుంది చూడు, అది చూడడం నాకిష్టం.

ఈ సంచుల గోల నీకెందుకు ఇంతలా రాస్తున్నానని అనుకుంటున్నావా? వేసవి మొదట్లో నువ్వే కదా అడిగావు. క్యాంపులో నీతో పనిచేసే ఒకతను ఇడాహోలో వేటకి వెళ్తున్నాడనీ, మూడు రాత్రులుండి మాంసం తనే మోసుకు రావాలనీ, ఎంత సంచి కొనుక్కోమంటావనీ రాశావు. నీకు నా పని గుర్తుందని ఎంత సంబరపడ్డానో. రెండు పేజీలు రాశాను. పోను ఎంత కావాలో చూసుకోకు, రాను ఎంత మోయాలో చూసుకో అని రాశాను. మాంసం ఎముకల నుంచి విడదీసి గుడ్డ సంచుల్లో కట్టాక ఎంత చోటు పడుతుందో రాశాను. మొదటి విడత మోసుకొచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళాలంటే సంచి ఎలా ఉండాలో రాశాను.

పోయిన నెలాఖరున ఒకతను కొట్టులోకి వచ్చాడు. పొడుగు మనిషి, తలుపు దగ్గర తల వంచాడు. చేతులైతే మోకాళ్ళ దాకా ఉన్నాయేమో అనిపించింది. మర్యాదస్తుడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని మాట్లాడాడు. పేరు స్లోన్ అన్నాడు. ఊరికి కొత్తలా ఉన్నారే అంటే నవ్వి, "నాతో వచ్చే అతను ఈ ఊళ్ళో ఎవరితోనూ మాట్లాడొద్దన్నాడండీ. సంచి కొనుక్కోవద్దని మాత్రం చెప్పలేదు" అన్నాడు. అతని సంచి విమానం వాళ్ళు దించడంలో చిరిగిపోయిందట. అతనికి ఇప్పుడు సెలవు వారాలు. దార్లు చూసుకుపోదామని ముందుగా వచ్చాడట, వేటకి అక్టోబరులో మళ్ళీ వస్తారట. నేనూ నవ్వాను. వేటగాళ్ళు అందరూ ఇలాగే ఉంటారు, చోటు పేరు పెళ్ళానికి కూడా చెప్పరు.

ఎన్ని రాత్రులుంటారని అడిగితే మూడు అన్నాడు. గుర్రాలు ఉన్నాయా అంటే, అక్కడికి గుర్రం వెళ్ళదు, రాళ్ళు జారే వాలు ఉంది అన్నాడు. పెద్దది చూపిస్తే చెయ్యి అడ్డం పెట్టాడు. "పోను ఎంత కావాలో చూసుకోకు, రాను ఎంత మోయాలో చూసుకో అన్నాడండీ మా వాడు" అన్నాడు. ఎక్కడో విన్న మాటలా ఉందే అనుకున్నాను. నా మాటే అని వెంటనే తట్టలేదు. ఇలాంటి మాటలు ఎవరైనా అనొచ్చు కదా అనుకున్నాను. నిన్ను అనుమానించడం నాకు అలవాటు లేదు, వెండెల్.

అతను ఒక సంచి ఎంచుకుని కౌంటరు మీద బోర్లా పడుకోబెట్టాడు. మోచెయ్యి ఒక అంచుకి ఆనించి, చెయ్యి చాపి, వేళ్ళ కొస రెండో అంచు దాకా వచ్చిందో లేదో చూసుకున్నాడు.

ఈ దేశంలో వేటసంచిని అలా కొలిచేవాళ్ళు ముగ్గురే ఉన్నారు, అమ్మ, నేను, నువ్వు. అందరూ ఎంత పడుతుందో చూస్తారు, ఎంత బరువుందో చూస్తారు. ఎంత వెడల్పుందో ఎవడికి కావాలి?

"అదేం కొలతండీ?" అన్నాను.

"మా వాడి కొలతేనండీ. దారిలో రెండు బండల మధ్య సందుందట. సంచి విప్పి ముందుకు తోసుకుంటూ, మనం పక్కకి తిరిగి దూరాలట. మూరెడు కంటే వెడల్పుంటే ఇరుక్కుంటుందన్నాడు."

అతను నోరు మూసుకుని డబ్బిచ్చి వెళ్ళిపోయి ఉంటే బాగుండేది. నేను ఇసుక మూటలు తేవడానికి వెనక్కి వెళ్ళి, మిషను పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ఒక మాట నిజంగా చెబుతున్నాను. ఆ కాసేపట్లో నాకు అతని మీద కోపం రాలేదు. అతను ఎవరో నాకేం తెలుసు? నాకు చెడ్డ ఆలోచన ఒకటి వచ్చింది. అతను ఎంచుకున్న సంచి అతని మూరకి సరిగ్గా సరిపోయింది. కానీ ఆ సందు అతని మూర కాదు. అమ్మది. అమ్మ ఆ సందులో మోచెయ్యి ఒక బండకి ఆనిస్తే వేలి కొస రెండో బండకి తగులుతుంది, అదీ కొలత. నువ్వు వాళ్ళకి మూర అని చెప్పావు గానీ ఎవరి మూరో చెప్పలేదు. ఆ మనిషి చెయ్యి అమ్మ చేతి కంటే బెత్తెడు పొడుగుంటుంది.

వెళ్ళేటప్పుడు ఏమీ తెలియదు. సంచి మెత్తగా ఉంటుంది కాబట్టి నొక్కితే దూరిపోతుంది. వచ్చేటప్పుడు మాంసం కుక్కి పక్కలు ఉబ్బి ఉంటాయి. అప్పుడు పట్టేస్తుంది. పట్టేస్తే మూడే దార్లు. మాంసం అక్కడే పారేసి రావడం, సందులోంచి వెనక్కి లాగుతూ ఆ జారుడు రాళ్ళ మీద పడడం, లేదా చీకటి పడేదాకా అక్కడే కూర్చోవడం. నేను ఒక్క మాట మింగేస్తే చాలు. మన చోటు దొంగిలించడానికి వచ్చినవాళ్ళకి మన చోటే బుద్ధి చెబుతుంది. అలా అనుకున్నాను. పైగా ఆ మాట చెబితే, అవును అలాంటి చోటు ఉంది, నేను దాని మనిషిని అని ఒప్పుకున్నట్టే.

ఇసుక మూటలు తెచ్చి అతని సంచిలో వేశాను. భుజాన వేసుకుని మెట్లెక్కి దిగాడు. భలే కుదిరిందండీ అన్నాడు. అతని ముఖం తేటపడింది. ఇక నా వల్ల కాలేదు.

"అది విప్పండి. ఆ సన్నది తీసుకోండి" అన్నాను.

"దీని కొలత సరిపోయిందిగా?"

"ఆ కొలత మీ చేతిది కాదండీ. మా అమ్మ చేతిది."

అతను సంచి విప్పబోతూ ఆగిపోయాడు. చాలాసేపు నా ముఖంలోకి చూశాడు. మనిద్దరి ముక్కూ ఒకటే అని అందరూ అనేదే కదా. "మీరు వెండెల్‌కి అక్కగారా?" అన్నాడు మెల్లగా. అవునన్నాను. క్యాంపులో నీ ఫోర్‌మన్‌నని చెప్పి, టోపీ కోసం చేతులతో వెతుక్కున్నాడు. నీ ఫోర్‌మన్ చెడ్డవాడు కాదు, వెండెల్. అతనికి సిగ్గేసింది. సిగ్గుపడాల్సింది అతను కాదు కాబట్టి నేను కుర్చీ వేసి కూర్చోమన్నాను.

కూర్చుని, అడగకుండానే చెప్పాడు. ఆ చోటు నువ్వే కనిపెట్టానన్నావట, పద్దెనిమిదేళ్ళప్పుడు, ఒక్కడివే తిరుగుతూ. ఇప్పుడు అక్కడికి ఎవరూ వెళ్ళరన్నావట. అక్టోబరు రెండోవారానికి నీకు సెలవు మంజూరై నెల దాటిందట. అతన్నీ ఇంకో ఇద్దర్నీ నువ్వే దగ్గరుండి తీసుకొస్తున్నావట. ఊళ్ళోకి రాకుండా, వంతెన అవతల నుంచే కలప లారీల రోడ్డు ఎక్కేద్దామన్నావట. "ఇంటికి వెళ్ళవా అంటే, అక్కడెవరూ లేరన్నట్టు మాట దాటేశాడండీ. నేను రావడం మానుకోనా?" అని అడిగాడు. రావాలో మానాలో చెప్పడానికి నేనెవర్ని? సన్న సంచి కట్టి ఇచ్చాను. నీకు చెప్పనా అని అడిగితే, వద్దు, నేనే రాస్తానన్నాను.

అతను వెళ్ళాక నీ ఆఖరి ఉత్తరం నా చేతిసంచిలోంచి తీసి మళ్ళీ చదివాను. దాన్ని నేను అప్పటికి వారంగా వెంటబెట్టుకు తిరుగుతున్నాను, తెలుసా? అంత నచ్చింది నాకు. ఈ ఏడు సెలవు దొరకలేదు, నా కోసం ఎదురు చూడొద్దు అని రాశావు. అమ్మని కొండ ఎక్కనివ్వొద్దు, మోకాళ్ళు జాగ్రత్త అని రాశావు. చివర్లో, "హెట్టీ పిన్ని ఇంటికి ఈసారి ఏ వారం వెళ్తున్నావక్కా?" అని అడిగావు. చూశావా, వీడి మనసు ఇక్కడే ఉంది, అన్నాను అమ్మతో. అమ్మ ఆ ముక్క రెండుసార్లు చదివించుకుంది. నేను ఏ వారం అక్కడ ఉండనో తెలుసుకోవడానికి అడిగావని మా ఇద్దరికీ ఎలా తెలుస్తుంది?

మోసం చేశావు, వెండెల్. ఇంతకంటే మెత్తని మాట వెతికాను, దొరకలేదు. అడిగి ఉంటే ఏమయ్యేది? ఈ క్యాంపులో నా మాటకి విలువ లేదు, వాళ్ళకి చూపించడానికి నా దగ్గర ఏదో ఒకటి ఉండాలి అక్కా అని ఒక ముక్క రాసి ఉంటే, నేను నాలుగు తిట్టి, అమ్మని ఒప్పించి, వాళ్ళకి కాఫీ కాచి పంపేదాన్ని కాదా? నువ్వు వెళ్ళినప్పటి నుంచి రెండేళ్ళు నేను ఒక్కదాన్నే వెళ్ళాను. ఒక్కదాన్నే కోసి, ఒక్కదాన్నే మోశాను. నీ వంతు మాంసం ఎండబెట్టి పార్శిలు కట్టి పంపాను. అది తింటూనే కదా అక్కడికి ఎవరూ వెళ్ళరని చెప్పావు.

పైగా నువ్వు కనిపెట్టావా? మిల్లు మూతపడిన ఏడాది అమ్మ కొట్టిన ఎల్క్ గాయంతో పారిపోతే, రక్తపు చుక్కల వెంట పోయి పోయి ఆ లోయ చూసింది. ఎల్క్ తన దారిన అడ్డంగా కొండ దిగింది గానీ, మాంసం మోసుకొచ్చే దారి మనిషికి కావాలి కదా. దాని కోసం బండలన్నీ తడుముతుంటే ఆ సందు దొరికింది. అప్పటికి నువ్వింకా పుట్టలేదు. నేను పాలబుగ్గల పిల్లని, ఆర్లో వాళ్ళమ్మ దగ్గర ఉన్నాను.

ఇప్పుడు చెప్పాల్సింది ఒకటుంది. ఇందాకటి నుంచి అటూ ఇటూ తిరుగుతున్నది దీని కోసమే. అమ్మకి చెప్పకూడదని నాలో నేను ఒట్టు పెట్టుకున్నాను. నీ మీద ప్రేమతో కాదు, ఆమె బాధ చూడలేక. ఆ ఒట్టు నిలవలేదు. అమ్మకి చెప్పేశాను.

పొద్దున ట్రిప్పు అయ్యాక బస్సు షెడ్డులో పెట్టి ఊడుస్తోంది. నేను వెళ్ళి ముందు సీట్లో కూర్చుని మొత్తం చెప్పాను. స్లోన్ మాటలు ఒక్కటీ తగ్గించలేదు, ఒక్కటీ పెంచలేదు. ఆమె సీట్ల కింద చీపురు తోస్తూనే ఉంది. ఒక పిల్ల చేతి తొడుగు దొరికితే దులిపి కిటికీ దగ్గర పెట్టింది. తర్వాత ఒకటే అడిగింది.

"ఆయన ఏ సంచి పట్టుకెళ్ళాడే?"

"సన్నదే. నేనే ఇచ్చాను."

"మంచి పని చేశావు. లేకపోతే మాంసం అక్కడే పారేసేవాళ్ళు."

అంతే అనుకున్నాను. చెత్త ఎత్తి డబ్బాలో పోసి, డ్రైవరు సీట్లో కూర్చుని, స్టీరింగు మీద చేతులు పెట్టుకుంది. "కనిపెట్టింది నేనేనని చెప్పుకున్నాడా, చెప్పుకోనీ. మగపిల్లాడు, గొప్పలు పోతాడు. అక్కడికి ఎవరూ వెళ్ళరని ఎలా అన్నాడే? నేను ఇంకా బతికే ఉన్నాను కదా" అంది. అమ్మ కళ్ళలో నీళ్ళు నేను ఎప్పుడూ చూడలేదు, ఆ రోజు కూడా చూడలేదు. కానీ చేతులు స్టీరింగు మీద నుంచి చాలాసేపు తీయలేదు. నిన్ను ఆ పూట నేను ఎన్ని తిట్లు తిట్టుకున్నానో రాస్తే పోస్టువాళ్ళు తీసుకోరు.

రెండు రోజులు ఆ ఊసే ఎత్తలేదు. మూడోనాడు సూపు తింటూ తింటూ, "అటక మీంచి నా సంచి దింపు" అంది.

దింపాను. పట్టీలు ఎలుకలు కొరికేసి ఉన్నాయి. కొత్తవి కుట్టడానికి వంటింట్లో నిలబెట్టి వీపు కొలిచాను. వెండెల్, అమ్మ వీపు పొట్టిదైపోయింది. అప్పటి కొలతకీ ఇప్పటికీ మధ్య నా రెండు వేళ్ళు పడుతున్నాయి. పైకి అనలేదు. పట్టీలు దించి కుట్టి, ఇంత పెద్దది ఎందుకమ్మా, చిన్న సంచి ఒకటి ఉంది, నీళ్ళూ శాలువా పెట్టుకో చాలు, మిగతాది నేను మోస్తానన్నాను. మండిపడింది.

"చిన్న సంచి తగిలించుకుని వెళ్తే కొండ చూడ్డానికి వెళ్ళినట్టుంటుంది. నేను వేటకి వెళ్తున్నాను."

"మోకాళ్ళో?"

"మోకాళ్ళు నావి. వాటి సంగతి నేను చూసుకుంటాను. నువ్వు సంచి సంగతి చూడు."

చివరికి మధ్యస్థంగా ఉన్నదాని దగ్గర రాజీ పడ్డాం. తన పరుపుచుట్ట, తన తిండి, కాఫీ ఫ్లాస్కు తనవి. డేరా, తాళ్ళు, ఎల్క్ పడితే మాంసం నావి. రోజూ బస్సు షెడ్డు చుట్టూ ఆ సంచిలో ఓట్స్ గింజలు పోసుకుని తిరుగుతోంది. మొదటి రోజు రెండు చుట్లకే కూర్చుండిపోయింది. ఇప్పుడు నేను కాఫీ కాచేంతసేపు తిరుగుతోంది. స్కూల్లో సెలవు అడగడానికి కారణం రాయాలి కదా, హెట్టీ పిన్నికి ఒంట్లో బాగా లేదు, చూసి రావాలి అని రాసింది. ఆ సంగతి తెలిసి పాస్టరుగారి భార్య ఆపిల్ పై చేసి పంపింది, పిన్నిగారికి ఇమ్మని. నేనూ అమ్మా తినేశాం. బాగుంది.

నిన్ను రావొద్దని రాయనా అని అమ్మని అడిగాను. వద్దంది. "వాడు మాటిచ్చాడు కదా వాళ్ళకి. తీసుకురానీ" అంది. అదే రాస్తున్నాను. ఈ ఉత్తరం చూసి సెలవు రద్దు చేసుకోకు, స్లోన్‌కి ఏదో కథ చెప్పి తప్పించుకోకు. ఆ సన్న సంచి అతను డబ్బు పోసి కొనుక్కున్నాడు.

ఏ వారం వెళ్తున్నామని అడిగావు కదా, రెండోవారం. మీరు వచ్చే వారమే. అమ్మ నడక నెమ్మది కాబట్టి మేం మీకంటే ముందు బయల్దేరి, ఒక రాత్రి దారిలో ఆగి వెళ్తాం. మీరు ఆ బండల దగ్గరికి వచ్చేసరికి మేం లోపల ఉంటాం. దారి తెలిసినవాడివి నువ్వే కాబట్టి ముందు నువ్వే దూరతావు. సంచి విప్పి ముందుకు తోసి, పక్కకి తిరిగి, ముఖం బండకి ఆనించి వస్తావు. ఆ చివర సందు బయట ఓ చదును రాయి ఉంది, నీకు తెలుసు. దాని మీద అమ్మ కూర్చుని ఉంటుంది. నిన్ను ఒక్క మాట అనదు. అననని నాకు చెప్పింది. నీ సంచి అందుకుని పక్కన పెడుతుంది, వెనక వస్తున్న నీ స్నేహితుల సంచులు కూడా ఒకదాని తర్వాత ఒకటి అందుకుంటుంది. వాళ్ళు బయటికి వచ్చి నిలబడి, ఈవిడెవరని నీకేసి చూస్తారు.

అప్పుడు నువ్వేం చెబుతావో వినడానికి వస్తోంది, వెండెల్. అంత కొండా దాని కోసమే ఎక్కుతోంది.

ఇట్లు,
ఇప్పటికీ నీ అక్కనే అయిన
ఇర్మా